గైర్హాజరు బల్ల

మా కొత్తగెడ్డ కోర్టులో న్యాయం ఆలస్యంగా దొరుకుతుందని ఎవరైనా అంటే నాకు ఒళ్ళు మండుతుంది. అలా అనేవాళ్ళు మా కోర్టు గుమ్మం తొక్కి చాలా కాలమై ఉండాలి. ఆ మధ్య మా దగ్గర న్యాయం ఎంత వేగం అందుకుందంటే, తన మీద దావా పడిందని మనిషికి తెలిసే లోపలే అతను ఆ దావా ఓడిపోయి ఉండేవాడు. ఓడిపోయానన్న దిగులు పడే అవకాశం కూడా ఉండేది కాదు. ఇంతకంటే జనం సుఖం కోరిన కోర్టు ఇంకెక్కడైనా ఉంటే నాకు చూపించండి, నేను ప్లీడరీ అక్కడికి మార్చుకుంటాను.

పూర్వం ఇలా ఉండేది కాదు. ఒకడు దావా వేస్తే కోర్టువారు రెండోవాడికి సమన్లు పంపేవారు. ఫలానావాడు నీ మీద దావా వేశాడు, ముప్ఫై రోజుల్లోపల వచ్చి నీ జవాబు చెప్పుకో అని అందులో ఉండేది. ఆ ముప్ఫై రోజులూ కోర్టు చేతులు కట్టుకుని కూర్చునేది. గడువు దాటాక బంట్రోతు గుమ్మంలో నిలబడి ఆ మనిషి పేరు మూడుసార్లు కేకేసేవాడు. పలికితే సరే. పలక్కపోతే జడ్జిగారు 'ప్రతివాది గైర్హాజరు' అని రాసి, దావా వేసినవాడు చెప్పిందే నిజమని ఒప్పుకుని తీర్పు ఇచ్చేసేవారు. పలికినవాడి కేసు మాత్రం వాయిదాల మీద వాయిదాలుగా సాగి, ప్లీడర్ల పిల్లల చదువులు అయ్యేదాకా నడిచేది. ఆ పద్ధతిలో లోపం ఏమిటో మాకెవరికీ తోచలేదు. తోచేంత చదువు మా హెడ్ గుమస్తా పేరిశాస్త్రిగారికి ఒక్కరికే ఉంది.

జిల్లా కేంద్రంలో పెద్దల సమావేశం జరిగింది. పెండింగు కేసులు తగ్గించాలని, ఎక్కువ తగ్గించిన కోర్టుకి ఏడాది చివర వెండి షీల్డు ఇస్తారని ప్రకటించారు. మా జడ్జి శశిభూషణ్ గారు కుర్రవాడు, ఉత్సాహవంతుడు. తిరిగి వచ్చిన దగ్గర్నుంచి ఆయనకి అన్నం సయించలేదు. తన గదిలో గోడకి షీల్డు పట్టే చోటు చూసి మేకు కొట్టించారు. ఆ ఖాళీ మేకు కేసి చూస్తూ నిట్టూర్చేవారు. అది చూడలేక పేరిశాస్త్రిగారు పాత ఫైళ్ళన్నీ దింపించి, వారం రోజులు దుమ్ములో కూర్చుని, ఒక నివేదిక తయారుచేశారు. ఆయన మాట్లాడితే ఎలా ఉంటుందో రాసినా అలాగే ఉంటుంది.

"ప్రతివాది రాకపోవుట అనునది గడువు ముగిసిన దినమున హఠాత్తుగా సంభవించు ఘటన కాదు. అది మొదటి దినము నుండియే ప్రారంభమై నిరాటంకముగా కొనసాగుచున్నది. మనము దానిని చివరి దినమున మాత్రమే గమనించుచున్నాము. మొదటి దినముననే గమనించుటకు అభ్యంతరమేమి?"

జడ్జిగారు దీన్ని రెండుసార్లు చదివి, కళ్ళజోడు తీసి తుడుచుకున్నారట. ఆ సాయంత్రమే 'ముందస్తు గైర్హాజరు విధానం' అమల్లోకి వచ్చింది. ఉదయం దావా దాఖలవుతుంది. వెంటనే బంట్రోతు ప్రతివాది పేరు మూడుసార్లు పిలుస్తాడు. దావా పడిన సంగతే తెలియని ఆ మనిషి తన పొలంలోనో కొట్లోనో తన పని తాను చూసుకుంటూ ఉంటాడు కనుక పలకడు. భోజనాల వేళకి తీర్పు వచ్చేస్తుంది. ఆ తర్వాత అతనికి సమన్లు పంపుతారు.

మా ప్లీడర్ల తరఫున నేను లేచి, చట్టం ముప్ఫై రోజులు గడువు ఇచ్చింది కదా అని మనవి చేశాను. జడ్జిగారు చిన్నబుచ్చుకున్నారు.

"గడువుని ఎవరు తీసేశారు ప్లీడరుగారూ? ముప్ఫై రోజుల్లో ఒక్క పూట కూడా మేము తగ్గించలేదు. ప్రతివాది నిశ్చింతగా ఆలోచించుకుని జవాబు చెప్పుకోవచ్చు. తీర్పు ఏమవుతుందో అన్న ఆందోళన కూడా లేదు కనుక ఇంకా నిశ్చింతగా చెప్పుకోవచ్చు" అన్నారు.

మద్దతు కోసం నేను వెనక్కి తిరిగి చూశాను. మిగతా ప్లీడర్లు అప్పటికే కొత్త దావాలు రాసుకోడానికి వెళ్ళిపోయారు.

ఒక చిక్కు మాత్రం వచ్చింది. ఊరంతా ఈ సంగతి పాకాక, దావా పడుతుందేమోనని అనుమానం ఉన్నవాళ్ళు పొద్దున్నే వచ్చి కోర్టు వసారాలో నిలబడడం మొదలుపెట్టారు. బంట్రోతు పిలవగానే "ఉన్నాను" అనేవారు. దీంతో మొదటి వారంలోనే విధానం దెబ్బతినేలా కనిపించింది. పేరిశాస్త్రిగారు మళ్ళీ దుమ్ములో కూర్చుని ఉపాయం కనిపెట్టారు. గడువు తేదీన వచ్చినవాడే హాజరైనవాడు. గడువు తేదీకి ముందు వచ్చినవాడు వచ్చాడే గాని హాజరు కాలేదు. ఇలా వచ్చినవాళ్ళని ఎండలో నిలబెట్టడం అమానుషం గనుక వాళ్ళకోసం వసారాలో ఒక పొడుగాటి బల్ల వేయించారు. దాని మీద గోడకి తెల్ల రంగుతో రాయించారు: 'గైర్హాజరైన ప్రతివాదులు ఇచ్చట కూర్చొనవలెను.'

ఆ బల్ల మీద చోటు దొరకడం కష్టమైపోయింది. పిలిచినప్పుడు వాళ్ళు పలికేవారు కూడాను. బంట్రోతు వాళ్ళ కళ్ళలోకే చూసి, లోపలికి తిరిగి, "లేరండీ" అనేవాడు. అతనికి మొదట్లో నోరు పెగిలేది కాదు. నెల తిరిగేసరికి అలవాటైపోయి, ఇంట్లో భార్య కూరలో ఉప్పు సరిపోయిందా అని ఎదురుగా నిలబడి అడిగినా ఎవరూ లేరనుకునే స్థితికి వచ్చాడని విన్నాను.

ఇంత చక్కగా నడుస్తున్న విధానానికి గొర్లె తవుడమ్మ వల్ల గండం వచ్చింది.

తవుడమ్మకి ఒక పెంకుటిల్లు, ఒక గేదె ఉన్నాయి. భర్త పోయి చాలా కాలమైంది. ఆ గేదె పాలు నాలుగు వీధుల్లో పోసుకుని బతుకుతుంది. గేదె నుదుటి మీద తెల్ల మచ్చ ఉంటుంది కనుక దాన్ని చుక్క అంటుంది. ఇల్లు బజారు వెనకాల ఉంది. మూడు పక్కలా పక్కవాళ్ళ ప్రహరీలు, నాలుగో పక్క నుంచి వీధిలోకి ఒక సన్నటి సందు. గేదె పట్టేంత సందు అది, మనిషి ఎదురైతే ఎవరో ఒకరు వెనక్కి తగ్గాలి. ఆ సందు పక్కన కాంట్రాక్టరు జోగారావు పెళ్ళిళ్ళకి అద్దెకిచ్చే ఫంక్షను హాలు కట్టాడు. హాలు కట్టేశాక వంటలకి చోటు విడిచిపెట్టలేదని జ్ఞాపకం వచ్చింది. అప్పుడతనికి ఆ సందు తన తాతల నాటిదని కూడా జ్ఞాపకం వచ్చింది.

ఒక సోమవారం పొద్దున్న జోగారావు దావా వేశాడు. సందు తనదని, అడ్డంగా గోడ కట్టుకోనివ్వాలని కోరాడు. తవుడమ్మని పిలిచారు. ఆమె అప్పుడు గేదెకి గడ్డి కోస్తోంది. భోజనాల వేళకి డిక్రీ వచ్చింది. ఆమె పాలు పోయడానికి వెళ్ళి మాటల్లో పడి చీకటి పడ్డాక ఇల్లు చేరింది, ఇటుకలు దింపి ఉండడం చూసి ఎవరిదో పెళ్ళి పందిరికి అనుకుంది. తెల్లవారేసరికి గోడ లేచింది. గేదెని బయటికి తోలుకొస్తే అది సందు మధ్యలో ఆగిపోయింది. తవుడమ్మ అదిలించింది. అది కదల్లేదు. వెనక నుంచి నాలుగు తిట్లు తిట్టి, అప్పుడు దాని కొమ్ముల మీదుగా తల ఎత్తి చూసింది.

ఆ మధ్యాహ్నం కోర్టు అమీను సమన్లు పట్టుకుని వచ్చాడు. ఆయన చాలా పద్ధతిగల మనిషి. ప్రతివాది చేతికి అందకపోతే సమన్లు ఆమె ఇంటి గుమ్మానికి అంటించాలని రూలు. గుమ్మం గోడకి అవతల ఉంది. అందుచేత గుమ్మానికి మిక్కిలి సమీపంలో తనకి అందుబాటులో ఉన్న నిర్మాణం ఆ గోడే అని నిర్ణయించుకుని, వీధి వైపున దానికే అంటించి, ప్రతివాది బయటికి వచ్చి పుచ్చుకోడానికి సుముఖంగా లేదని రాసుకుని వెళ్ళిపోయాడు.

పక్కింటివాళ్ళ నిచ్చెన అడిగి గోడెక్కి దిగి, ఎవరి చేతనో ఆ కాగితం చదివించుకుని, తవుడమ్మ నా దగ్గరికి వచ్చింది. మనిషి చాలా ధైర్యంగా ఉంది. అందులో ముప్ఫై రోజుల గడువు రాసి ఉంది కదా, కోర్టువారు ఇంకా ఏమీ తేల్చలేదని ఆమె ధీమా.

"గడువిచ్చినారంట గదా బాబూ. మరి జోగారావుబాబుకి తొందరేటి? గడువయ్యేదాకా గోడ దింపీమని సెప్పండి" అంది.

తీర్పు అయిపోయిందమ్మా, నువ్వు ఓడిపోయావు అని నేను చెప్పాను. ఆమె నా మొహంలోకి చూసి, నేను కాలేజీలో సరిగ్గా చదువుకోలేదేమో అన్నట్టు, ఆ కాగితం మళ్ళీ నా చేతికిచ్చి ఇంకోసారి చదవమంది.

మర్నాడు ఆమెని వెంటబెట్టుకుని కోర్టుకి వెళ్ళాను. నా మనవి విని జడ్జిగారు, ఫైలు ముగిసిపోయినా మర్యాదకోసం మరోసారి పిలిపిస్తానన్నారు. బంట్రోతు పిలిచాడు. నా పక్కనే నిలబడి ఉన్న తవుడమ్మ గట్టిగానే పలికింది. బంట్రోతు ఆమె తల మీదుగా వీధి గేటు వరకు పరికించి, లేరండీ అన్నాడు.

"ఎదరగా మనిసి నిలబడుంటే నేదంటారేటి బాబూ" అంది తవుడమ్మ.

పేరిశాస్త్రిగారు ఆమెకి ఓపికగా బోధించారు. "నీవు వచ్చితివి, కాదనుట లేదు. కాని హాజరు కాలేదు. హాజరగుటకు నీ తేదీ ఇంకను రాలేదు. తేదీకి ముందు విచ్చేసిన వ్యక్తి న్యాయదృష్టికి గోచరింపడు."

"పోనీ, ఆ తేదీకే వత్తాను."

"అప్పటికి కేసు ఉండదు. లేని కేసులో హాజరగుట ఎట్లు సాధ్యము?"

తవుడమ్మ నాకేసి చూసింది. నేను గోడ గడియారం కేసి చూశాను. ఆమె వసారాలోకి వెళ్ళి, చోటు చేసుకుని, ఆ బల్ల మీద కూర్చుంది.

తర్వాత జరిగింది నవ్వుతూ చెప్పే విషయం కాదు గాని, మా ఊళ్ళో నవ్వుతూనే చెప్పుకున్నారు. తవుడమ్మ గడ్డిమోపు నెత్తిన పెట్టుకుని నిచ్చెనెక్కి అవతలికి పడేసేది. కుళాయి వీధిలో ఉంది గనుక నీళ్ళు బిందెలతో గోడ మీదుగా చేరవేసేది. పాల తపేలా ఒక చేత్తో పట్టుకుని ఇంకో చేత్తో నిచ్చెన పట్టుకుని దిగేది. ఒకసారి జారి మోకాలు చెక్కుకుపోయింది, పాలు నేలపాలయ్యాయి. అన్నిటికంటే కష్టం ఏమిటంటే గేదె చూడి మీద ఉంది. పశువుల ఆస్పత్రి కాంపౌండరు గోడెక్కి కూర్చుని అక్కణ్ణుంచే దాన్ని పరీక్షించి, ఇలా కట్టేసి ఉంచితే ఈత కష్టమవుతుంది, రోజూ నడిపించాలి, ఏదైనా అయితే ఆస్పత్రికి తోలుకురావాలి అని చెప్పి, గోడ దిగి వెళ్ళిపోయాడు. ఆ పెరట్లో దాన్ని ఎటు నడిపిస్తుంది? తవుడమ్మ దాన్ని తులసికోట చుట్టూ తిప్పేది. అది చూసినప్పుడు నాకు నిజంగా కోపం వచ్చింది. ఆడమనిషి బతుకుతెరువు మీద గోడ కట్టి, నీకింకా గడువుందమ్మా అని చెప్పే పెద్దమనుషుల మీద వచ్చిన కోపం అది. కోపం వచ్చాకే ప్లీడరు బుర్ర కాస్త పనిచేస్తుంది.

మేమే ఎందుకు దావా వెయ్యకూడదు? మర్నాడు కోర్టు తలుపు తీసేసరికి నేను గుమ్మంలో ఉన్నాను. సందు తవుడమ్మదని, అడ్డం తీసెయ్యాలని దావా వేశాను. జోగారావుని మూడుసార్లు పిలిచారు. అతను ఆ సమయంలో హాల్లో పెళ్ళివారితో బేరం మాట్లాడుతున్నాడు. భోజనాల వేళకి మేము గెలిచాం. సాయంత్రానికి గోడ నేలమట్టమైంది. చుక్క వీధిలోకి వచ్చి ఎదురుగా ఉన్న వరండాలో ఎండేసిన పిండివడియాలు తినేసింది.

జోగారావు ఊగిపోతూ కోర్టుకొచ్చాడు. తనకి గడువు ఇవ్వకుండా, తన మాట వినకుండా ఇదేం న్యాయమని అడిగాడు. న్యాయం మీద అతనికి అంత పట్టింపు ఉన్నట్టు ఊళ్ళో ఎవరికీ అంతకుముందు తెలియదు. పేరిశాస్త్రిగారు అతనికీ బల్ల చూపించారు. బల్ల మీద అంతకుముందు తవుడమ్మ కూర్చున్న చోటే ఖాళీగా ఉంది.

మర్నాడు జోగారావు నాకంటే ముందు వచ్చి మళ్ళీ దావా వేశాడు. ఒకసారి తేలిన విషయం మీద మళ్ళీ దావా కుదరదని నేను అడ్డుపడ్డాను. జడ్జిగారు పేరిశాస్త్రిగారి వైపు చూశారు. ఆయన తడుముకోకుండా చెప్పారు: "నిన్నటి దావా సందును గూర్చి. నేటిది గోడను గూర్చి. గోడ యున్నచోట సందు లేదు, సందు యున్నచోట గోడ లేదు. ఒకదానికొకటి ఎన్నడును తారసపడని రెండు విషయములను ఒకే విషయమనుట అవివేకము." గోడ లేచింది. ఆ మర్నాడు నేను సందు గురించి వేశాను. గోడ పడింది. మేస్త్రీ సూర్యంబాబుకి బుద్ధి వచ్చి సిమెంటు మానేసి మట్టితో పేర్చడం మొదలుపెట్టాడు. కొన్నాళ్ళకి మట్టి కూడా మానేశాడు.

ఒక రోజున గేదె మేతకి వెళ్ళిన సమయంలో గోడ లేచింది. తవుడమ్మ లోపల, చుక్క బయట. మర్నాడు తీర్పు వచ్చేదాకా అది ఫంక్షను హాలు వాకిట్లోనే ఉండిపోయింది. అక్కడ పెళ్ళికి వచ్చినవాళ్ళు పెళ్ళికొడుక్కి ఇవ్వడానికి తెచ్చిన కట్నం గేదె అనుకుని దాని ఎదురుగా నిలబడి ఫొటోలు దిగారు.

ఒక్క సందు వల్ల కోర్టుకి రోజుకో కేసు పరిష్కారమవుతోంది. జడ్జిగారి ముఖం తేటపడింది. ఊరంతా ఈ కిటుకు నేర్చుకుంది. ఎదటివాడు వేసేలోపల మనమే వేసెయ్యాలని జనం కోర్టు గేటు దగ్గర రాళ్ళు పెట్టి వరస కట్టేవారు. అన్నదమ్ములు ఒకే ఆటోలో వచ్చి, గేటు దగ్గర దిగి, ఎవరు ముందు లోపలికి వెళ్ళాలా అని పరుగెత్తేవారు. ఒకాయన మరీ జాగ్రత్తపరుడు, తన మీద ఎవరూ వెయ్యకుండా తన మీద తానే దావా వేసుకున్నాడు. గెలిచాడు, ఓడిపోయాడు కూడా. పైకోర్టుకి ఎవరు వెళ్ళాలో తేలక అతను మనోవేదనతో మంచమెక్కాడు. చుట్టుపక్కల ఆఫీసులు కూడా ఈ విధానాన్ని చూసి ముచ్చటపడ్డాయి. కరెంటువాళ్ళు బిల్లు ఇచ్చే ముందు లైను పీకేసి, ఆ తర్వాత బిల్లు ఇచ్చి, కట్టడానికి సావకాశంగా గడువు ఇచ్చేవారు. హైస్కూలు హెడ్మాస్టరు ఫెయిలైనవాళ్ళ పేర్లు పరీక్షలకి ముందే బోర్డు మీద పెట్టించాడు, పిల్లలు ఏ భయమూ లేకుండా రాస్తారని. వేరే ఊళ్ళ నుంచి అధికారులు బస్సు వేసుకుని వచ్చి మా బల్ల చూసి, దాని మీద కూర్చున్నవాళ్ళని లెక్కపెట్టబోయి, వాళ్ళు లేరని జ్ఞాపకం వచ్చి ఊరుకున్నారు.

ఇలా ఉండగా ఏడాది చివరికి వచ్చింది. షీల్డు మాకా, పక్క ఊరి కోర్టుకా అన్నంత దగ్గరగా ఉంది పోటీ. అదే సమయంలో చుక్కకి రోజులు దగ్గరపడ్డాయి. కాంపౌండరు మళ్ళీ వచ్చి చూశాడు, ఈసారి సందు తెరిచి ఉండడంతో దగ్గరికెళ్ళి చూశాడు. దూడ అడ్డం తిరిగినట్టుంది, నొప్పులు మొదలవగానే ఆస్పత్రికి తేకపోతే రెండూ దక్కవు అన్నాడు. నొప్పులు ఏ రోజు వస్తాయో ఎవరు చెప్పగలరు? గోడ లేచిన రోజున వస్తే? తవుడమ్మ ఆ సాయంత్రం నా ఇంటికొచ్చి గుమ్మంలో కూర్చుంది. కేసు నడుస్తున్నప్పుడు గోడ కట్టొచ్చా అని మాత్రం అడిగింది. ఒక దావా నడుస్తూ ఉంటే అదే విషయం మీద ఇంకోటి వెయ్యడం కుదరదమ్మా, కాని మన కోర్టులో ఏదీ నడవడం లేదు కదా, అన్నీ పుట్టిన పూటే పోతున్నాయి అన్నాను. ఆమె సరే అని లేచి వెళ్ళిపోయింది.

మర్నాడు నేను మామూలుకంటే ముందు లేచి వెళ్ళి జోగారావు మనిషిని దాటుకుని మొదటి దావా నేనే వేశాను. ఈసారి గోడనీ, సందునీ రెండిటినీ ఒకే దావాలో పెట్టాను. సందు తెరిచే ఉంది, ఇకముందు దానికి ఎవరూ అడ్డం కట్టకూడదని కోరాను. ఆ ఒక్క రోజుకైనా గెలిస్తే అంతే చాలనుకున్నాను.

కోర్టు హాలు కిటకిటలాడిపోయింది. జడ్జిగారు ఆ ఉదయం తన గదిలోని మేకుని తుడిపించారని జనం చెప్పుకున్నారు. ఆ ఒక్క కేసు తేలితే షీల్డు మాదే. జోగారావు అప్పటికే వచ్చి ఉన్నాడు. మనిషి నలిగిపోయాడు. గోడ కట్టించీ పడగొట్టించీ అతని హాలులో పెళ్ళిళ్ళు తగ్గిపోయాయి, వంటషెడ్డు లేవలేదు, రోజూ కోర్టు బల్ల మీద కూర్చోవడంతో నడుము పట్టేసింది. బంట్రోతు అతని పేరు మూడుసార్లు పిలిచాడు. అతను మూడుసార్లూ చెయ్యెత్తి పలికాడు.

బంట్రోతు లోపలికి తిరిగి లేరండీ అన్నాడు. జడ్జిగారు కలం అందుకున్నారు.

"ఉన్నాడు బాబూ" అంది తవుడమ్మ.

జడ్జిగారు కలం ఆపారు. పేరిశాస్త్రిగారు మెల్లగా, అతను గైర్హాజరు, నీవు గెలిచితివి, కూర్చొనుము అన్నారు.

"ఆయన మాట ఇనకుండా నాకెందుకు బాబూ గెలుపు? అదిగో, సెయ్యెత్తుకుని నిలబడున్నాడు. నాకైతే కనిపిత్తన్నాడు. ఆయనేటి సెప్పుకుంటాడో అంతా ఇనండి. నెమ్మదిగా ఇనండి. నాకు తొందరేటీ నేదు."

నేను ఆమె చీర కొంగు పట్టుకుని లాగినంత పని చేశాను. ఆమె నన్ను పట్టించుకోలేదు. ప్రతివాది ఎదురుగా ఉన్నా లేడని రాయడానికి వాళ్ళ దగ్గర ఏర్పాటు ఉంది. వాది లేచి నిలబడి వాడు ఉన్నాడని ప్రమాణం చేస్తే ఏం చెయ్యాలో ఎక్కడా రాసిలేదు. పేరిశాస్త్రిగారు పుస్తకాలన్నీ తిరగేశారు. ఇంతవరకు ఏ వాదీ గెలుపు వద్దనలేదు గనుక అటువంటి దురవస్థను చట్టము ఊహించలేదని చివరికి ఒప్పుకున్నారు. జడ్జిగారు మేకున్న గది వైపు ఒకసారి చూసి, 'ప్రతివాది హాజరు' అని రాశారు. ఆ రెండు మాటలు మా కోర్టులో రాసి చాలా రోజులైంది, కలం రెండుసార్లు ఆగిపోయింది.

నీ జవాబు ఏమిటని జోగారావుని అడిగారు. ఇన్నాళ్ళుగా తన మాట వినమని గొడవ చేసిన మనిషి, చెప్పుకోమనేసరికి ఏం చెప్పాలో మర్చిపోయాడు. తన పక్కన నిలబడిన ప్లీడరుతో గుసగుసలాడి, చేతులు జోడించి, జవాబు తయారుచేసుకోడానికి వాయిదా కావాలన్నాడు.

"ఇవ్వండి బాబూ" అంది తవుడమ్మ, జడ్జిగారికంటే ముందే.

బయటికొచ్చాక నేను ఆమె మీద విరుచుకుపడ్డాను. చేతికొచ్చిన కేసు నేలపాలు చేశావు, నీ మంచితనం అవతలివాడికి ఉందా, రేపు గేదెకేమైనా అయితే నన్ను అడక్కు అని చెడామడా తిట్టాను. ఆమె వసారా మెట్ల మీద నిలబడి చెప్పులు వేసుకుంటూ అంతా విని, అప్పుడు చెప్పింది.

"మంచితనమేటి బాబూ. మా మావ బూమి తగువు ఈ కోర్టులోనే నడిసింది. తీర్పు రాకుండానే ఆయన పోనాడు. నడిసినన్నాళ్ళూ ఆ బూమి ఆయనే దున్నుకున్నాడు, అవతలోడు గట్టు మీద కాలెట్టనేదు. తేలిపోతే రేపు మళ్ళీ జోగారావుబాబు గెలుత్తాడు. నడుత్తా ఉంటే నా గేదె నడుత్తాది."

నేను పాతికేళ్ళు ప్లీడరీ చేసి, ఆ సంగతి మర్చిపోయినందుకు కాసేపు మెట్ల మీద కూర్చున్నాను. ఆమె అప్పటికే గేటు దాటిపోయింది. ఇంటి దగ్గర చుక్క ఒక్కతే ఉంది.

నొప్పులు ఆ వారంలోనే వచ్చాయి. సందు తెరిచే ఉంది. తవుడమ్మ ముందు నడిచింది, వెనక నుంచి గేదెని మెల్లగా అదిలిస్తూ తెచ్చినవాడు జోగారావు. వాయిదా ఇప్పించినందుకు రుణం తీర్చుకున్నాడో, ఇంకెందుకో నేనడగలేదు. ఆస్పత్రిలో పెయ్యదూడ పుట్టింది. రెండూ దక్కాయి.

షీల్డు పక్క ఊరి కోర్టుకి పోయింది. మా జడ్జిగారికి బదిలీ అయింది, పేరిశాస్త్రిగారు రిటైరయ్యారు, విధానం దానంతటదే చల్లబడింది. తవుడమ్మ కేసు మాత్రం నడుస్తోంది. కొత్తగా వచ్చిన జడ్జిగారు కూడా మంచి ఉత్సాహవంతులు. ఈ పాత కేసు ఇవాళ తేల్చేద్దామా అని చేతులు రుద్దుకుంటూ అడిగినప్పుడల్లా నేను లేచి, వాది తరఫున వాయిదా కావాలని మనవి చేస్తాను. అటు నుంచి జోగారావు కూడా కంగారుగా లేచి, ప్రతివాదికి ఏ అభ్యంతరమూ లేదంటాడు. తీర్పంటే అతనికీ భయం పట్టుకుంది.